మెరుపు కార్డులకు బొమ్మా బొరుసూ ఉండాలా, వద్దా?

పాతపెట్టె:
పోకెమాన్ కార్డుల ఆటలో మెరుపు రకం తన స్వభావాన్ని పోగొట్టుకుందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణాలతో రండి.

1999లో ఇంగ్లీషులో వచ్చిన మొదటి సెట్టు తీయండి. పికాచుకు 40 హెచ్‌పీ, అంటే ప్రాణబలం. థండర్ జోల్ట్‌తో 30 డ్యామేజీ చేస్తుంది, కానీ నాణెం ఎగరేసినప్పుడు బొరుసు పడితే 10 తనకే తగులుతుంది. రైచు, జాప్‌డోస్ కార్డులు థండర్ అనే దాడి వేస్తే 60. బొరుసు పడితే 30 తమకే. జాప్‌డోస్‌కు ఉన్నదే 90. వరుసగా మూడు బొరుసులు పడ్డాయంటే అవతలి ఆటగాడు చెయ్యి ఎత్తకుండానే అది తన పిడుగుకు తానే కూలిపోతుంది, పైగా గెలవడానికి పోగుచేసుకునే ప్రైజ్ కార్డు ఒకటి అవతలికి పోతుంది. మూడు థండర్‌లు వేస్తే ఎనిమిదింట ఒక వంతు ప్రమాదం. కరెంటు అంటే అదే కదా! తీగ పట్టుకున్న చేతిని కూడా అది వదలదు. 2023లో వచ్చిన మిరైడాన్ ఈఎక్స్ అనే మెరుపు కార్డు చూడండి. డెక్‌లోంచి, అంటే మన కార్డుల కట్టలోంచి, రెండు మెరుపు బేసిక్‌లను (మొదటి దశ కార్డులను) తెచ్చి వెనక వరసైన బెంచ్ మీద కూర్చోబెడుతుంది, 220 కొడుతుంది, తనకు మాత్రం చీమ కుట్టినట్టైనా ఉండదు.

మూడోబెంచి:
పాతపెట్టె గారూ, మీరు సగం కార్డే చదివారు. మిరైడాన్ ఆ 220 దాడి, ఫోటాన్ బ్లాస్టర్, వేశాక మరుసటి టర్నులో దాడి చేయలేదు. అదీ మూల్యమే. మీ జాప్‌డోస్‌కే రెండో దాడి ఉంది: థండర్‌బోల్ట్, 100 డ్యామేజీ, నాణెం లేదు, కానీ దాడులకు ఇంధనంగా తనకు తగిలించిన ఎనర్జీ కార్డులన్నీ పారేయాలి. అంటే బ్యాటరీ ఖాళీ అయిపోవడమూ మొదటి రోజు నుంచీ మెరుపు స్వభావమే. నాణెం ఒక్కటే అసలైనదని ఎలా అంటారు?

నాకు నాణెం మీద కోపం ఉంది, దాచుకోను. నెలంతా కూర్చి తయారుచేసుకున్న డెక్‌తో వెళ్లి, ఒక్క ఎలక్ట్రాబజ్ కార్డు థండర్‌షాక్ దాడికి బొమ్మ పడి, నా ముందున్న కార్డు పెరాలిసిస్‌తో బిగుసుకుపోతే, కొట్టడానికీ వెనక్కి రావడానికీ లేక ఆ టర్ను పోగొట్టుకున్నాను, దాంతోనే ఆటా పోయింది. అందులో నా తప్పు ఏముంది? అవతలివారి తెలివి ఏముంది?

లెక్కలపుస్తకం:
నాణెం పోయిందని ఇద్దరూ అనుకుంటున్నారు. పోలేదు, డెక్‌లోకి దూరింది. మిరైడాన్ డెక్‌కు ప్రాణం ఎలక్ట్రిక్ జనరేటర్ అనే కార్డు. పైనున్న 5 కార్డులు చూసి, వాటిలో దొరికిన మెరుపు ఎనర్జీల్లో రెండింటిదాకా బెంచ్ మీది మెరుపు కార్డులకు తగిలించవచ్చు. 60 కార్డుల్లో 14 ఎనర్జీలు ఉన్నాయనుకోండి. పూర్తి డెక్‌లోంచి తీసిన ఐదింటిలో ఒక్కటీ లేకపోయే అవకాశం దాదాపు 25 శాతం! నాలుగు జనరేటర్లు వేస్తే సగటున ఒకటి వట్టిపోతుంది. మిరైడాన్ డెక్ ఆడే మూడోబెంచి గారు ఈ జూదాన్ని ఏ ఫిర్యాదూ లేకుండా ఆడుతున్నారు.

మూడోబెంచి:
లెక్క ఒప్పుకుంటాను. కానీ ఎనర్జీలు 14 పెట్టాలా 16 పెట్టాలా అన్నది నా నిర్ణయం. నాణేనికి ఎన్ని ముఖాలుండాలో నేను నిర్ణయించలేను.

గోదారిగట్టు:
మీ ముగ్గురూ ఎలక్ట్రోడ్ కార్డును మరిచిపోయారు. మొదటి సెట్టులో మెరుపును నిజంగా అర్థం చేసుకున్న కార్డు నాకు అదొక్కటే. దాని బజ్జాప్ శక్తిలో నాణెం లేదు. దాని ముందు దశ వోల్టార్బ్‌ను పెట్టి, ఎలక్ట్రోడ్‌గా ఎదగనిచ్చి, సరైన క్షణంలో దాన్ని మీరే నాకౌట్ చేస్తారు. అది మరో పోకెమాన్‌కు అంటుకుని, మీరు కోరిన రకంలో రెండు ఎనర్జీలు ఇచ్చే కార్డుగా మారిపోతుంది. ఆరు ప్రైజుల ఆటలో ఒక ప్రైజును ఎదుటివారికి చేతులారా అప్పగిస్తున్నారు. ఎంత పెద్ద నిర్ణయం! ప్రమాదమూ ఉంది, తెలివీ ఉంది, కరెంటు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పారడమూ ఉంది.

ఇప్పటి కార్డుల్లోనూ అలాంటిది ఉంది. 2024లో హొనొలులులో చిలీ ఆటగాడు ప్రపంచ టైటిల్ గెలిచింది ఐరన్ థార్న్స్ ఈఎక్స్‌తో. అదీ మెరుపు రకమే. అది ముందు నిలబడినంతసేపు, ఫ్యూచర్ అని గుర్తున్న కార్డులు తప్ప ఈఎక్స్, వీ లాంటి పెద్ద కార్డుల ఎబిలిటీలన్నీ, అంటే దాడులు కాని ప్రత్యేక శక్తులన్నీ, రెండు వైపులా ఆగిపోతాయి. వీధంతా ఒక్కసారిగా కరెంటు పోయినట్టు ఉంటుంది. మెరుపు అంటే కొట్టడం ఒక్కటే ఎందుకు కావాలి?

పాతపెట్టె:
ఎలక్ట్రోడ్ విషయంలో ఓడిపోయాను, సంతోషంగా ఒప్పుకుంటున్నాను. జనరేటర్ లెక్క కూడా సరైనదే. అయినా దాగిన జూదానికీ, బల్లమీద అందరూ చూస్తుండగా తిరిగే నాణేనికీ తేడా ఉంది. పదేళ్ల మా అమ్మాయి రైచుతో థండర్ వేసి నాణెం ఎగరేసినప్పుడు అది కింద పడేదాకా ఊపిరి బిగబడుతుంది. ఎదురుగా ఉన్న నేనూ అంతే. జనరేటర్ వేసినప్పుడు ఆ క్షణం ఆడేవారి ఒక్కరిదే.

ఈ ఆదివారం ఇంట్లో ఒకటి ప్రయత్నించబోతున్నాం. మిరైడాన్‌కు మరుసటి టర్ను విశ్రాంతి తీసేస్తాం. బదులుగా ఫోటాన్ బ్లాస్టర్ వేసిన ప్రతిసారీ నాణెం. బొరుసు పడితే, రైచు లెక్కన సగం, అంటే 110 తనకే. దాని హెచ్‌పీ 220 కాబట్టి రెండు బొరుసులకు సరి. మూడోబెంచి గారూ, మీరూ మీ డెక్‌తో అలా పది ఆటలు ఆడి ఏం జరిగిందో ఇక్కడ రాయండి.