మూడో సంవత్సరంలో ఒక సెమిస్టర్ బయటి దేశంలో: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్

బీటీఎం_అనంతపురం

అందరికీ నమస్తే. మాది అనంతపురం, బెంగళూరులో మెకానికల్ చదువుతున్నా, ఇప్పుడు నాలుగో సెమ్, బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటా. మా కాలేజీకి జర్మనీలో ఒక యూనివర్సిటీతో ఒప్పందం ఉంది, ఏటా ఇద్దర్ని ఒక సెమిస్టర్‌కి పంపిస్తారు, ఈసారి నా పేరు వచ్చింది. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, ఇక్కడ కట్టేదే సరిపోతుంది, కానీ రూము తిండి ఫ్లైట్ అన్నీ మనవే. మా నాయన శనక్కాయ వేస్తాడు, ఊర్లో చిన్న ఎరువులంగడి ఉంది. ఆయన కోప్పడట్లేదు, వద్దనట్లేదు, ఒకటే అడుగుతున్నాడు, "డిగ్రీ ఇక్కడోళ్ళే ఇస్తారు కదమ్మా, మరి ఆర్నెల్లు అంత దూరం పోయి తెచ్చుకునేదేంది" అని. నాకేమో పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, కానీ ఆ మాటకి జవాబు నా దగ్గర లేదు, ఎక్స్‌పోజర్ అని చెప్తే అదేంది అంటాడు. క్రెడిట్లు సరిగ్గా వస్తాయా, ఆరో సెమ్ దెబ్బతింటుందా, అది కూడా భయంగానే ఉంది. వెళ్ళినవాళ్ళు నిజంగా ఏం జరిగిందో చెప్పండి, మంచైనా చెడైనా.

హోసూరురోడ్డు

ముందు కంగ్రాట్స్ చెల్లీ. నేను 2022 అక్టోబర్ నుంచి 2023 మార్చి దాకా జర్మనీలో ఉన్నా, బెంగళూరు కాలేజీ నుంచే, మాది కర్నూలు. పెద్ద పోస్ట్ అవుతుంది, ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు క్యాలెండర్ పక్కన పెట్టుకుని కూర్చో. అక్కడ వింటర్ సెమిస్టర్ అంటే అక్టోబర్ 1 నుంచి మార్చి 31, క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యదాకా నడుస్తాయి, పరీక్షలు ఆ తర్వాత. అంటే నువ్వక్కడ పరీక్షలు రాస్తుంటే ఇక్కడ ఆరో సెమ్ క్లాసులు మొదలైపోయి ఉంటాయి. నేను మార్చి రెండో వారంలో దిగా, అప్పటికి ఫస్ట్ ఇంటర్నల్ అయిపోయింది, అటెండెన్స్ షార్టేజ్ లిస్టులో నా పేరు గోడకి అంటించారు. హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సార్ నోటిమాటగా "చూసుకుంటాంలే" అన్నారు, తీరా నేను వచ్చేసరికి ఆయన ఆ సీట్లో లేరు, కొత్తాయనకి నేనెవరో కూడా తెలీదు. కాబట్టి ఎప్పుడొస్తావో, ఇంటర్నల్ మళ్ళీ ఎప్పుడు పెడతారో, అటెండెన్స్ ఎలా లెక్కేస్తారో అన్నీ కాగితం మీద రాయించి సంతకం, సీలు వేయించుకో.

రెండోది లర్నింగ్ అగ్రిమెంట్. అక్కడ సెమిస్టర్‌కి మామూలుగా 30 ఈసీటీఎస్ (యూరప్ లెక్క) క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని అని లెక్క. అక్కడి ఏ కోర్సుకి ఇక్కడి ఏ సబ్జెక్టు సమానమో వరసగా రాసి రెండు యూనివర్సిటీలూ సంతకం పెట్టాలి. అక్కడికి పోయాక ఒకట్రెండు కోర్సులు టైమింగ్ కుదరకో, జర్మన్‌లో చెప్తున్నారనో మారడం మామూలే, మారినప్పుడల్లా అదే వారం ఇక్కడికి మెయిల్ పెట్టి ఒప్పుకున్నామని రిప్లై తెప్పించుకో.

మూడోది నాకు జరిగిన దెబ్బ. మన దగ్గర సబ్జెక్టులో పేరుంటే హాల్‌టికెట్ దానంతటదే వస్తుంది కదా, అక్కడ కోర్సులో చేరడం వేరు, పరీక్షకి పేరు నమోదు చేసుకోవడం వేరు, దానికో గడువు ఉంటుంది. నేను ఒక సబ్జెక్టుకి ఆ రెండోది చేయలేదు, ఉందనే తెలీదు. సెమిస్టరంతా ముందు వరసలో కూర్చుని ల్యాబ్ రిపోర్టులు అన్నీ ఇచ్చిన సబ్జెక్టు. ఆఫీసులో ఆవిడ ఎంతో మర్యాదగా విని, గడువైపోయింది, ఏమీ చేయలేనంది. ఆరు క్రెడిట్లు పోయాయి, ఇక్కడికొచ్చి ఆ పేపర్ జూనియర్లతో కలిసి రాశా. నువ్వు దిగిన మొదటి వారంలోనే పరీక్ష రిజిస్ట్రేషన్ ఎప్పుడు, ఎందులో అని అడుగు.

ఇక మీ నాయన అడిగినదానికి. నాకు ఒక సబ్జెక్టులో నోటి పరీక్ష పడింది, ప్రొఫెసరు, ఆయన అసిస్టెంటు, నేను, అంతే. ఫార్ములాలన్నీ బట్టీపట్టి పోయా. ఆయన టేబుల్ మీదున్న పాడైపోయిన బేరింగ్ ఒకటి నా చేతిలో పెట్టి "ఇది ఎందుకు పోయిందో చెప్పు" అన్నాడు. ఒక నిమిషం నోట మాట రాలేదు. తిప్పి చూశా, ఒకవైపే గుంటలు పడి ఉన్నాయి, లోడు ఒకవైపే పడిందేమో, షాఫ్ట్ వంకరగా బిగించారేమో అన్నా. "ఇంకేం కావచ్చు" అన్నాడు, గ్రీజు సంగతి చెప్పా. ఇరవై నిమిషాలు అలాగే నడిచింది, తప్పు చెప్పినా తిట్టలేదు, "అలాగైతే ఈ మచ్చ ఎలా వచ్చింది" అని ఇంకో ప్రశ్న వేసేవాడు. అప్పటిదాకా నా చదువులో ఎవరూ నా చేతిలో పాడైన వస్తువు పెట్టి ఎందుకు పోయిందని అడగలేదు. ఇప్పుడు బెంగళూరులోనే పీన్యా దగ్గర ఒక మెషిన్ టూల్స్ కంపెనీలో చేస్తున్నా, రోజూ నా పని అదే. బోరు మోటారు కాలిపోతే మెకానిక్‌ని ఆయనేం అడుగుతాడో, నన్ను వాళ్ళు అదే అడిగారని చెప్పు మీ నాయనకి.

తాంబరం_సీఎస్ఈ

పైన అన్న క్యాలెండర్ గురించి చెప్పింది వంద శాతం నిజం, దానికి ఒకటి కలుపుతా. నేను చెన్నై నుంచి ఫిన్లాండ్ వెళ్ళా, అక్కడ ఆటమ్ సెమిస్టర్ సెప్టెంబర్‌లో మొదలై డిసెంబర్‌లో క్లాసులు పరీక్షలు అన్నీ అయిపోతాయి, సంక్రాంతికి ఇంట్లో ఉన్నా, ఈవెన్ సెమ్‌కి ఒక్క క్లాసు పోలేదు. అమెరికాలో ఫాల్ కూడా ఆగస్టు నుంచి డిసెంబరే, ఆస్ట్రేలియాలో జులై నుంచి నవంబర్, ఇవన్నీ మన ఆడ్ సెమ్‌కి అతుకుతాయి. దేశం చూసి కాదు, తేదీలు చూసి ఎంచుకోండి అని నా జూనియర్లందరికీ చెప్తా. (నీకు ఆప్షన్ లేదనుకో, ఇది తర్వాత చదివేవాళ్ళ కోసం.)

చీకటి గురించి మాత్రం ఎవరైనా చెప్పుంటే బాగుండేది. హెల్సింకిలో డిసెంబర్‌లో పొద్దున తొమ్మిదిన్నరకి తెల్లారి మధ్యాహ్నం మూడుంపావుకే సూర్యుడు దిగిపోతాడు. తాంబరం ఎండలో పెరిగినదాన్ని, చలికి జాకెట్ కొనుక్కున్నా కానీ చీకటికి ఏం కొనుక్కుంటాం. నవంబర్‌లో రెండు వారాలు మంచం మీంచి లేవలేదు, అమ్మకి ఫోన్‌లో బాగానే ఉన్నా అనేదాన్ని. మా అంతస్తులో ఉండే ఒక కొరియా అమ్మాయి తలుపు కొట్టి రోజూ లంచ్‌కి తీసుకెళ్ళేది, అక్కడ స్టూడెంట్ క్యాంటీన్లకి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది, మూడు యూరోల చుట్టుపక్కలే ప్లేటు నిండా భోజనం. ఆ నడకే నన్ను లేపింది. విటమిన్ డీ, పగటిపూట కచ్చితంగా ఒక గంట బయట, ఇంట్లో నిజం చెప్పడం, ఈ మూడూ మొదటి నెల నుంచే పెట్టుకోండి. జర్మనీలో అంత చీకటి ఉండదు గానీ అక్కడా నాలుగు నాలుగున్నరకే పొద్దుగూకుతుంది.

మారతహళ్ళి_21

నేను వేరేగా చెప్తా, తప్పుగా అనుకోవద్దు. నీకు బ్యాక్‌లాగ్స్, అంటే పాస్ కాని సబ్జెక్టులు, ఏమైనా ఉన్నాయా? ఉంటే పోవద్దు. నాకు రెండు ఉండగా వెళ్ళా, సప్లీ ఇక్కడ పెట్టిన రోజున నేను అక్కడ ఉన్నా, తర్వాత ఏడో సెమ్‌లో ప్లేస్‌మెంట్స్ మొదలయ్యేసరికి బ్యాక్‌లాగ్ అలాగే ఉంది, అక్కడి మార్కులు కూడా ఇక్కడి పోర్టల్‌లో ఎక్కలేదు, ఐదో సెమ్ కాలమ్ ఖాళీ. మొదటి నాలుగు కంపెనీలకి కూర్చోనివ్వలేదు. అక్కడి ట్రాన్స్‌క్రిప్ట్ రావడానికే నెలలు పట్టింది, వచ్చాక దాన్ని మన గ్రేడ్లలోకి ఎలా మార్చాలో ఇక్కడ ఎవరికీ తెలీదు. జర్మనీలో 1.0 అంటే టాప్, 4.0 పాస్, 5.0 ఫెయిల్. మా అమ్మ నా 1.7 చూసి పదికి అనుకుని ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ మార్పిడికి ఏ ఫార్ములా వాడతారో కూడా వెళ్ళేముందే రాయించుకో.

బీటీఎం_అనంతపురం

బ్యాక్‌లాగ్స్ లేవన్నా. పదికి 8.4 ఉంది. హోసూరురోడ్డు అన్నా, ఆ బేరింగ్ సంగతి నాయనకి ఫోన్‌లో చదివి వినిపించా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "గ్రీజు లేకుంటే కూడా అట్లే పోతాది" అన్నాడు 🙂 కానీ డబ్బు దగ్గర ఆగిపోయింది. వీసాకి లక్షలు బ్లాక్ చేయాల అంటే ఎవరికో కట్టేస్తున్నాం అనుకుంటున్నాడు.

వేలచేరి_నాన్న

అమ్మా, నేను ఒక తండ్రిగా రాస్తున్నాను. మాది నెల్లూరు, ముప్పై ఏళ్ళుగా చెన్నైలో ఉంటున్నాం. మా అమ్మాయి కిందటి సంవత్సరం ఇలాగే జర్మనీ వెళ్ళొచ్చింది. మీ నాన్నగారికి ఇలా చెప్పు. ఆ డబ్బు ఎవరికీ కట్టేది కాదు, నీ పేరు మీదే ఉండే ఖాతా. బ్లాక్డ్ అకౌంట్ అంటారు, నెలకి 992 యూరోల చొప్పున చూపించాలి, ఏడాదికైతే 11,904. ఇది 2024 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క, నువ్వు అప్లై చేసే రోజున కాన్సులేట్ సైట్‌లో మళ్ళీ చూసుకో. మేం ఆరు నెలలకి 5,952 యూరోలు వేశాం, అప్పుడు యూరో తొంభై దాటి ఉంది, ఐదున్నర లక్షల దాకా అయింది. ఆమె అక్కడ దిగి చిరునామా నమోదు చేసుకుని బ్యాంకు ఖాతా తెరిచాక నెలనెలా ఆ 992 ఆమెకే వచ్చింది, అందులోనే రూము, తిండి, ఇన్సూరెన్సు. హాస్టల్ దొరికింది కాబట్టి మిగిలింది కూడా, బయట రూమైతే మిగలదు.

నేనూ మొదట్లో మీ నాన్నలాగే అడిగాను. చదువు కోసం కాదు, భయం వల్ల అడిగాను. జ్వరమొస్తే ఎవరు చూస్తారని నా భయం. నవంబర్‌లో నిజంగానే వచ్చింది, శనివారం రాత్రి, 103. ఇక్కడ నేను, మా ఆవిడ ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. అక్కడ డాక్టర్లు లేని వేళల్లో చేయాల్సిన నంబర్ 116117, ప్రాణం మీదకొస్తే 112. మా అమ్మాయి ఆ రెండూ తలుపు వెనక రాసి పెట్టుకుంది, తనే ఫోన్ చేసి, తనే టాక్సీ పిలుచుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్ళి, తెల్లవారుజామున మాకు మెసేజ్ పెట్టింది, "మందు వేసుకున్నా, మీరు పడుకోండి" అని. ఆ రోజు దాకా నేను ఆమెని బస్టాండుకి కూడా ఒక్కదాన్నే పంపలేదు. మీ నాన్నగారు మాట్లాడతానంటే నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు, నేనే ఫోన్ చేస్తాను.

తిరువాన్మియూర్_వెజ్

జర్మనీ కాదు నాది జపాన్, తిండి గురించి మాత్రమే రాస్తున్నా ఎందుకంటే మా ఇంట్లో గుడ్డు కూడా లేదు. అక్కడ కూరగాయల సూప్ అన్నా అందులో మామూలుగా చేప నుంచి తీసిన రసం ఉంటుంది, దాషి అంటారు, మాంసం వద్దంటే మాంసం తీసేస్తారు, దాషి మాత్రం అలాగే ఉంటుంది. రెండు వారాలు తెలీక తిన్నా, తెలిసిన రోజు చాలా బాధేసింది. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, చింతపండు, ఇంగువ, వీటితో నాలుగు నెలలు గడిపా. వంట వెళ్ళేముందే నేర్చుకోండి.

హోసూరురోడ్డు

తిండి మాటొచ్చింది కాబట్టి, చెల్లీ నెయ్యి పెట్టుకోవద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు, నెయ్యి కూడా అందులోదే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా అమ్మ కాచిన కిలో నెయ్యి తీసి పక్కన పెట్టేశారు, నా కళ్ళముందే. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, ఎండబెట్టి పొడి చేసుకుని పో. ఆదివారం షాపులన్నీ మూత, శనివారమే పాలు, బియ్యం తెచ్చుకోవాలి.

ఇంకోటి, వీసా సంగతి. నీ పాస్‌పోర్ట్‌లో అడ్రస్ అనంతపురం, చదివేది బెంగళూరు. ఆంధ్రా చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ కిందకి, కర్ణాటక బెంగళూరు కాన్సులేట్ కిందకి వస్తాయి. నేను కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్, పీజీ అగ్రిమెంట్ పెట్టి బెంగళూరులో వేశా. నీది ఎక్కడ తీసుకుంటారో మెయిల్ పెట్టి అడిగాకే స్లాట్ బుక్ చెయ్యి. స్లాట్ దొరకడమే పెద్ద పని, అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే మొదలుపెట్టు.

బీటీఎం_అనంతపురం

వేలచేరి అంకుల్‌తో నాయన నిన్న రాత్రి ముప్పావుగంట మాట్లాడాడు. సగం సేపు వానల గురించేనంట. పొద్దున ఫోన్ చేసి, "అంగడి మీద లోను అడుగుతాలే, నువ్వు ఆ సంతకాలు తెచ్చుకో ముందు" అన్నాడు. పీజీ మెట్ల మీద కూర్చుని ఏడ్చేశా.

కోర్సుల పట్టిక రెడీ చేశా, ఆరిటికి ఐదు మా సిలబస్‌తో కలుస్తున్నాయి, మెషిన్ డిజైన్ ఒక్కటి తేడా ఉంది, అది వచ్చాక ఇక్కడ రాస్తా అని అడుగుదామనుకుంటున్నా. సోమవారం పదకొండింటికి హెచ్ఓడీ మేడమ్ టైమిచ్చారు. అటెండెన్స్, ఇంటర్నల్ తేదీ, గ్రేడ్ మార్పిడి, మూడింటికీ వేరువేరు లెటర్లు టైప్ చేసి ప్రింట్ తీసుకున్నా. హోసూరురోడ్డు అన్నా, మీ లర్నింగ్ అగ్రిమెంట్‌లో పేర్లు చెరిపేసి ఒక ఫోటో పెట్టగలవా, అందులో సమానమైన సబ్జెక్టు కాలమ్ ఎలా రాశారో చూడాలి.