రేడియోతో నడిపే హెలికాప్టర్‌లో టెయిల్ సర్వో (తోక బ్లేడ్లని వాల్చే చిన్న మోటారు) నడిమధ్యలో ఉన్నప్పుడు బ్లేడ్లు సున్నాలో ఉండాలా, కాస్త పిచ్‌తో (వాలుతో) ఉండాలా?

వంశధార450 (గుణుపురం):
నాది తోక రోటర్ బెల్ట్‌తో నడిచే 450 సైజు మోడల్, ఫ్లైబార్‌లెస్ యూనిట్ (గైరోతో నిలకడ చూసే పెట్టె) ఉంది. మెయిన్ రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. సర్వో ఆర్మ్ పుష్‌రాడ్‌కి 90 డిగ్రీల్లో ఉన్నప్పుడు టెయిల్ బ్లేడ్లు సున్నా పిచ్‌లో ఉన్నాయి. ముక్కు కుడికి తిప్పి స్టిక్ వదిలితే ఠక్కున ఆగుతోంది. ఎడమకి తిప్పి వదిలితే ఇంకో పావు చుట్టు జారిపోతోంది. కలెక్టివ్ (మెయిన్ బ్లేడ్లన్నిటి పిచ్) గబుక్కున ఎత్తినా ముక్కు ఎడమకే పోతోంది. సున్నా మార్చాలా?

రాయగడ_రోటర్:
మార్చొద్దు. హెడ్డింగ్ హోల్డ్‌లో (ముక్కు దిక్కుని నిలిపి ఉంచే మోడ్) కావాల్సిన పిచ్‌ని గైరో తనే వెతుక్కుంటుంది. తలకిందులుగా ఎగరేసినప్పుడు రెండు పక్కలా సమానంగా ఉండాలంటే సున్నాయే సరి. గెయిన్ (గైరో స్పందన జోరు) పెంచండి. తోక గబగబా అదరడం మొదలయ్యాక, అదురు పోయేదాకా తగ్గించండి.

పర్లాకిమిడి_పిచ్:
అన్నయ్యా, తలకిందుల మాట ఒప్పుకోను. మెయిన్ రోటర్ బాడీని తిప్పే దిక్కు, హెలికాప్టర్ తిరగబడ్డా బాడీ లెక్కన అదే. నేరుగా ఉన్నా, బోర్లా ఉన్నా తోక ముక్కుని కుడికే తోస్తూ ఉండాలి. మోటారు ఆపి ఆటోరొటేషన్‌లో (రోటర్ గాలికే తిరుగుతుండగా) దిగేటప్పుడే ఆ అవసరం పోతుంది. ఆ కాసేపటి కోసం ఎగిరినంతసేపూ సర్వోని పక్కకి వాల్చి ఉంచడం దేనికి?

వంశధార450 గారూ, రెండు టెయిల్ బ్లేడ్లనీ వెనక్కి మడిచి, తోక వెనక నిలబడి చూడండి. సున్నా పిచ్‌లో రెండు కొసలూ ఒకే వరసలో ఉంటాయి. పిచ్ ఉంటే ఒకటి ఎడమకి, ఒకటి కుడికి విడిపోతాయి. బోల్టు నుంచి కొసదాకా 60 మి.మీ. అయితే 4 డిగ్రీలకి ఎడం 8 మి.మీ. పైచిలుకు, 6 డిగ్రీలకి 12.5. ముక్కుని కుడికి తోసే వైపు 4 నుంచి 6 మధ్య పెట్టి మొదలుపెట్టండి. పుష్‌రాడ్ కొసన మరతో బిగించే బాల్ లింక్‌ని తిప్పే మార్చాలి. ఎం2 మర అయితే ఒక చుట్టుకి 0.4 మి.మీ. వస్తుంది. రేడియోలో సబ్‌ట్రిమ్ (సర్వో మధ్య స్థానాన్ని జరిపే సెట్టింగ్) జోలికి మాత్రం పోవద్దు. హెడ్డింగ్ హోల్డ్‌లో దాన్ని ‘తిరుగు’ అన్న ఆజ్ఞగా తీసుకుని మోడల్ నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది.

రాయగడ_రోటర్:
ఆటోరొటేషన్ మాట సరే. కానీ తమ్ముడూ, లిమిట్లు (సర్వో ఎంతదాకా పోవచ్చో చెప్పే హద్దులు) పెట్టేది స్లైడర్ (తోక షాఫ్ట్ మీద జరుగుతూ బ్లేడ్లని వాల్చే ముక్క) రెండు చివరలకీ కదా. మధ్య ఎక్కడున్నా కుడి చివర దొరికే పిచ్ అదే. లింక్ తిప్పినంత మాత్రాన తోకకి కొత్త బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఎడమకి జారడానికి కారణం లిమిట్లోనే ఉంటుంది.

పర్లాకిమిడి_పిచ్:
చివరి పిచ్ మారదు, నిజమే. మారేది హోవర్ చుట్టూ సర్వో కదలిక. 9 మి.మీ. ఆర్మ్ 90 దగ్గర 10 డిగ్రీలు తిరిగితే పుష్‌రాడ్ 1.6 మి.మీ. దాకా కదులుతుంది. అప్పటికే 30 డిగ్రీలు వాలి ఉంటే, అటే ఇంకో 10 తిరిగినా 1.3 మి.మీ.కి మించదు. అంటే తోకకి బలం కావాల్సిన కుడి వైపే గెయిన్ తగ్గినట్టు. మీరన్నట్టు గెయిన్ పెంచితే ఆ వైపు సరిపోయేలోపు ఎడమ వైపు అదురు మొదలవుతుంది. పైగా కొన్ని మోడళ్ళలో స్లైడర్ నడిమధ్యకి వచ్చేసరికే బ్లేడ్లలో నాలుగైదు డిగ్రీలు ఉంటాయి. వాటిని బలవంతంగా సున్నాకి తెస్తే స్లైడర్ ఒక పక్కకి జరిగిపోతుంది.

కోరాపుట్_కొండ:
ఇద్దరూ బెల్ట్‌ని వదిలేశారు. బ్యాటరీ తీసేసి, టెయిల్ హబ్ గట్టిగా పట్టుకుని మెయిన్ రోటర్‌ని మెల్లగా తిప్పండి. టకటకమని పళ్ళు దాటితే పిచ్ ఎంత పెట్టినా దండగ, బూమ్ (తోక గొట్టం) వెనక్కి లాగి బిగించాలి. బెల్ట్ విప్పి ఎక్కించి ఉంటే మెలిక దిక్కు కూడా చూసుకోండి. తప్పు వైపు మెలేస్తే టెయిల్ రోటర్ వెనక్కి తిరుగుతుంది, బ్లేడు పలచటి అంచు గాలిని కోస్తూ తోపు బాగా పడిపోతుంది.

మా ఊరు 870 మీటర్ల ఎత్తులో ఉంది. గాలి తీరం కంటే దాదాపు 8 శాతం పల్చన, కాబట్టి ఇక్కడ పిచ్ ఎక్కువే కావాలి. గుణుపురం పల్లంలో ఉంది కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. చలికాలం పొడిగాలికి బెల్ట్ రాపిడితో స్టాటిక్ పుట్టి రేడియో తడబడితే, బూమ్ నుంచి మోటారు మౌంటుకి సన్న వైరు కలపండి.

రాయగడ_రోటర్:
బెల్ట్ సంగతి మంచి మాట. ముందు అదీ, తర్వాత లిమిటూ చూడమంటాను. స్టిక్ పూర్తిగా కుడికి పట్టి, స్లైడర్‌కీ చివరకీ మధ్య ఎంత సందు ఉందో చూడండి. 2 మి.మీ. సందు కనిపిస్తే జబ్బు అక్కడే. సర్వో మూలగకుండా, ఎక్కడా తగలకుండా ఎంత దగ్గరికి వస్తే అంతదాకా లిమిట్ పెంచండి. ఇవి రెండూ సరిగ్గా ఉండి కూడా జారితే అప్పుడు లింక్ తిప్పండి, నేను అడ్డురాను.

వంశధార450 (గుణుపురం):
బెల్ట్ దాటడం లేదు. కుడి చివర సందు ఉంది, 1.5 మి.మీ. దాకా. ఎడమ చివర ఏమీ లేదు.

పర్లాకిమిడి_పిచ్:
అయితే ముందు లింక్‌తో పిచ్ పెట్టి, ఆ తర్వాత రెండు లిమిట్లూ మళ్ళీ మొదటినుంచి పెట్టండి. ముందు లిమిట్ పెంచి తర్వాత లింక్ తిప్పితే స్లైడర్ కుడి చివర గుద్దుకుంటుంది, 450 సైజు సర్వో గేర్లు ఆ దెబ్బకి ఆగవు.