వట్టి జాకీతో లక్షా 9 వేల డాలర్ల కాల్: గెలిచింది సరే, సరైన నిర్ణయమేనా?

నడిమి_ముక్క:
పాత గొడవే, కానీ మా ఆఫీసులో నిన్న లంచ్ అంతా దీని మీదే నడిచింది, ఎటూ తేలలేదు. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. 2022 సెప్టెంబర్ 29న, లాస్ ఏంజెలిస్ పక్కన గార్డెనాలో, హస్లర్ క్యాసినో లైవ్ అనే పోకర్ షోలో జరిగింది. ఈ ఆటలో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, అందరికీ కలిపి బోర్డు మీద అయిదు, వాటిలోంచి మంచి అయిదు ఎవరికి కుదిరితే వాళ్లదే గెలుపు. గారెట్ ఆడెల్‌స్టీన్ చేతిలో కళావర్ ఎనిమిది, కళావర్ ఏడు. రాబీ జేడ్ లూ చేతిలో కళావర్ జాకీ, ఆఠీన్ నాలుగు. ఫ్లాప్‌లో (బోర్డు మీద మొదటి మూడు ముక్కలు) ఆఠీన్ పది, కళావర్ పది, కళావర్ తొమ్మిది. టర్న్‌లో (నాలుగో ముక్క) ఆఠీన్ మూడు. అప్పటికి పాట్, అంటే మధ్యలో పోగైన డబ్బు, సుమారు 11 వేల డాలర్లు. గారెట్ 10 వేలు బెట్ వేశాడు, ఆమె 20 వేలకు రెయిజ్ చేసింది (పెంచింది), అతను ఆలిన్ (ఉన్నదంతా పెట్టడం) అన్నాడు. ఆమె ఇంకో లక్షా 9 వేలు పెట్టి కాల్ చేసి (అతనికి సమానంగా పెట్టి) 2,69,000 పాట్ గెలిచింది.

నా మాట ఏమిటంటే, గెలిచినా ఆ కాల్ తప్పే. జాకీ తప్ప ఏమీ లేని చేతితో అంత డబ్బు పెట్టడానికి కారణం కనబడదు. "గెలిచిందిగా, ఇంకేంటి?" అనే వాదన మాత్రం ఇక్కడ వద్దు, అది మా మేనేజర్ ఇప్పటికే చేశాడు.

మోడరేటర్:
చర్చ మొదలవకముందే రెండు మాటలు. మోసం జరిగిందా లేదా అనే వాదన ఇక్కడ వద్దు. షో వాళ్లు విచారణ జరిపించి, ఆధారాలేమీ దొరకలేదని ఆ డిసెంబర్‌లో ప్రకటించారు. రెండోది, యాప్ లింకులు, రెఫరల్ కోడ్‌లు పెడితే తీసేస్తాం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఆట గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

లెక్కల_మాస్టారు:
తప్పెలా అవుతుందండీ? లెక్క చూడండి. 1,09,000 పెడితే 2,69,000 పాట్ వస్తుంది, అంటే 40.5 శాతం గెలుపు అవకాశం ఉంటే చాలు. కనబడినవి ఎనిమిది ముక్కలు, మిగిలినవి 44. గారెట్‌ని గెలిపించేవి కళావర్లు 8 (అయిదూ ఒకే రంగైతే ఫ్లష్), మిగతా ఆరులు 3, జాకీలు 3 (అయిదూ వరసగా వస్తాయి), ఎనిమిదులు 3, ఏడులు 3 (జత అవుతుంది). మొత్తం 20. ఆమెకు 24. అంటే దాదాపు 54.5 శాతం. డబ్బు పెట్టే సమయానికి ఆమే ముందుంది. పైగా కళావర్ జాకీ ఆమె చేతిలోనే ఉంది కాబట్టి అతని ఫ్లష్ ముక్కల్లో ఒకటి తగ్గింది. ఇంతకన్నా ఏం కావాలి?

నడిమి_ముక్క:
మాస్టారూ, మీరు రెండు చేతులూ తెరిచి పెట్టుకుని లెక్క కడుతున్నారు. ఆమెకు కనబడింది గారెట్ ముక్కల వెనక వైపు మాత్రమే. అతను అలా ఆడే చేతులు ఎన్ని ఉంటాయో చూడండి. పది ఉన్నవన్నీ ఆమెను ఓడిస్తున్నాయి. కళావర్ ఆసు, కళావర్ అయిదు లాంటి ఒట్టి ఫ్లష్ డ్రా (ఇంకో కళావర్ వస్తేనే ఫ్లష్ అయ్యే చేయి) ఉన్నా ఆసుతోనే ముందుంటాడు, అప్పుడు ఆమెకు పనికొచ్చేవి మూడు జాకీలు, రెండు నాలుగులు, అంటే 44లో 5. కళావర్ రాజు, రాణి ఉన్నా ఆమె వెనకబడే ఉంటుంది. జాకీ ఓడించేది ఎనిమిది-ఏడు, ఏడు-ఆరు లాంటి చిన్న డ్రాలను మాత్రమే. ఆ రోజు సరిగ్గా అలాంటి చేయే తగిలింది. తగలడం వేరు, తగులుతుందని డబ్బు పెట్టడం వేరు.

శాన్‌హోజే_సుబ్బు:
ఇక్కడి కార్డ్ రూముల్లో వారాంతాల్లో చిన్న ఆటలు ఆడుతుంటాను, అంతే, నా స్థాయి గురించి అపోహలొద్దు. మీరిద్దరూ కాల్ దగ్గర ఆగిపోయారు. నాకు అసలు తేడాగా అనిపించేది 20 వేల రెయిజ్. పాట్‌లో అప్పటికి 21 వేలు ఉన్నాయి. కాల్ చేస్తే 10 వేలతో పోయేది. రెయిజ్ చేసి, ఎదుటివాడు ఆలిన్ అనే దారి తనే తెరిచింది. రమ్మీలో ఫస్ట్ డ్రాప్ 20 పాయింట్లతో పోయేదాన్ని మిడిల్ డ్రాప్ 40 దాకా లాగి, అప్పుడు కూడా దిగకుండా కూర్చున్నట్టుంది.

అటు గారెట్ ఆలిన్ చూడండి, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎదురుగా ఆసు-పది ఉన్నా, ఆమెకు ఫుల్ హౌస్ (మూడు ముక్కలు ఒక అంకె, రెండు ఇంకో అంకె, ఫ్లష్ కన్నా పెద్దది) చేసేవి తీసేస్తే, అతనికి 44లో 13 ముక్కలు, దాదాపు 30 శాతం ఉంటాయి. పెట్టేది 1,19,000. ఆమె మడిచేస్తే (చేయి వదిలేస్తే) 41 వేలు ఊరికే వస్తాయి. కాల్ చేసినవాళ్లందరి దగ్గరా అలాంటి చేయే ఉందనుకున్నా, సగంసార్లు మడిచేస్తే అతనికి నష్టం లేదు. వట్టి జాకీ, నాలుగు ఉన్న మనిషి మడిచేయాలి కదా? అదే అతను ఆశించింది.

లెక్కల_మాస్టారు:
రెయిజ్ విషయంలో సుబ్బుగారితో ఏకీభవిస్తాను. అయితే ఒకటి మర్చిపోతున్నారు. తన దగ్గర మూడు ఉందనుకున్నానని ఆమె తర్వాత చెప్పింది. అంటే ఆమె లెక్కలో చేయి జాకీ, మూడు. బోర్డు మీద మూడు ఉంది కాబట్టి జత. చిన్న జతే అయినా ఒట్టి డ్రాలన్నిటినీ, ఆసువైనా రాజువైనా, అది ఓడిస్తుంది. అప్పుడు నడిమి_ముక్క చెప్పిన సగం చేతులు ఓడిపోయే వైపుకి వస్తాయి. ఆలిన్ అన్నవాడు ఎప్పుడూ దూకుడుగా ఆడే మనిషైతే, మూడుల జతతో కాల్ మరీ పిచ్చిదేం కాదు.

నడిమి_ముక్క:
ఒప్పుకుంటున్నాను, జాకీ-మూడు అనుకుంటే కాల్‌కి అర్థం ఉంది. కానీ పెద్ద ఆటలో లక్ష డాలర్ల నిర్ణయం ముందు ముక్కలు మరోసారి చూసుకోకపోవడమే నాకు మింగుడుపడదు. చూసుకోవడానికి రెండు సెకన్లు పడుతుంది, ఎవరూ కాదనరు కూడా.

కోనసీమ_కుర్రోడు:
అన్నా, రివర్, అంటే ఆఖరి ముక్క, రెండుసార్లు పంచారు కదా, డైమన్ తొమ్మిది, ఇస్పేటు ఆసు వచ్చాయి, రెండిట్లోనూ ఆమే గెలిచింది. అదే జనానికి అనుమానం పెంచింది. అంత అరుదా అది?

లెక్కల_మాస్టారు:
అరుదేం కాదు తమ్ముడూ. 44లో 24, తర్వాత 43లో 23, గుణిస్తే 29 శాతం. గారెట్ రెండూ గెలిచే అవకాశం 20 శాతం. మిగతా సగంసార్లు పాట్ చెరి సగం అవుతుంది. ఎన్నిసార్లు పంచినా సగటు లాభం మారదు, ఒక్క ముక్క మీద ఉండే టెన్షన్ తగ్గుతుందంతే.

శాన్‌హోజే_సుబ్బు:
ఆట తర్వాత ఆమె అతనికి 1,35,000 తిరిగి ఇచ్చేసింది, అది వేరే గొడవ, మోడరేటర్‌గారు ఒప్పుకోరు. కాల్ మీద మాస్టారితో నేను పూర్తిగా కలవను. మూడుల జత ఉన్నా ఆ రెయిజ్ తర్వాత గారెట్ దగ్గర పది ఎంత తరచుగా ఉంటుందనేది ఎవరూ లెక్కెయ్యలేదు. అది ఎవరైనా వేసి చూపిస్తే అప్పుడు మళ్లీ మాట్లాడతాను.