కూబెలిక్ ప్రాగ్‌ను ఎందుకు విడిచారు?

ప్రశ్న: చెక్ ఫిల్‌హార్మోనిక్ అనే ప్రాగ్ ఆర్కెస్ట్రాకు (వాద్యబృందానికి) సారథ్యం వహిస్తున్న రఫాయెల్ కూబెలిక్ 1948లో అంతటి పదవిని వదులుకొని దేశం ఎందుకు దాటారో తెలిసినవారు వివరించగలరా?

జవాబు: నాజీల ఆక్రమణను కళ్లారా చూసిన ఆయన, ఆ ఏడాది ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నాక, ఎడిన్‌బరో ఉత్సవంలో మొట్సార్ట్ ఆపెరా నిర్వహించడానికి వెళ్లి, ఇక తిరిగి రాలేదండీ.

మరొకరు: ఆ తరువాత అమెరికాలో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాకు సారథి అయితే, అక్కడి విమర్శకులు ఆయనను మూడేళ్లకు మించి నిలవనీయలేదు, ఆ లెక్కన స్వేచ్ఛ అక్కడా చవకగా దొరకలేదనే చెప్పాలి. మ్యూనిచ్‌లోని బవేరియన్ రేడియో ఆర్కెస్ట్రాకు మాత్రం 1961 నుంచి 1979 వరకు సారథిగా ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు: మరి స్వదేశాన్ని మళ్లీ చూశారా?

జవాబు: చూశారు. అనారోగ్యంతో 1985లోనే బేటన్ (సారథి చేతికర్ర) పక్కన పెట్టినా, 1990 మేలో ప్రాగ్ వసంతోత్సవంలో చెక్ స్వరకర్త స్మెటనా వాద్యకృతి ‘నా దేశం’ నిర్వహించారు. ఆ కృతి హార్ప్‌ల (పెద్ద తంత్రీవాద్యాల) నాదంతోనే మొదలవుతుంది; ఆ ఆరంభాన్ని ప్రాగ్ శ్రోతలు ఆయన సారథ్యంలో 42 ఏళ్ల తరువాత విన్నారు.