లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసును రికార్డుల నుంచి చెరిపించవచ్చా?

ప్రశ్న (కరీంనగర్ నుంచి)
మా తమ్ముడు ఇంటర్ చదివే రోజుల్లో, 2017లో, కాలేజీ బయట జరిగిన ఒక కొట్లాటకు సంబంధించిన ఎఫ్‌ఐఆర్‌లో అతని పేరు కూడా చేర్చారు. భారత శిక్షా స్మృతి 323 (గాయపరచడం), 506 (బెదిరించడం) సెక్షన్ల కింద ఛార్జిషీటు వేశారు కానీ, మరుసటి ఏడాది లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలూ రాజీపడడంతో కేసు ముగిసింది. ఇప్పుడు అతను కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. నియామకానికి ముందు తన వివరాలు రాసివ్వాల్సిన అటెస్టేషన్ ఫారంలో క్రిమినల్ కేసుల గురించి అడిగిన గడి దగ్గర ఆగిపోయాం. హైకోర్టులో పిటిషన్ వేసి రికార్డు మొత్తం చెరిపించేస్తానని తెలిసిన ఒకాయన పెద్ద మొత్తమే అడుగుతున్నారు. నిజంగా అలాంటి వీలుందా?

జవాబు (న్యాయవాది, వరంగల్)
ఆ డబ్బు ఇవ్వకండి. అమెరికాలోని పలు రాష్ట్రాల్లో ఉన్నట్లుగా, మేజర్ల మీద నమోదైన కేసును రికార్డుల్లోంచి తుడిచివేసే సాధారణ విధానం మన చట్టంలో లేదు. హైకోర్టు చేయగలిగింది కేసును కొట్టివేయడం. ఆ అధికారం పాత నేర విచారణ స్మృతిలో 482వ సెక్షన్‌గా ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 528వ సెక్షన్ అయింది. మీ కేసు ఎప్పుడో ముగిసింది కాబట్టి అక్కడ కొట్టివేయడానికి ఏమీ మిగలలేదు. పైగా పాత స్మృతి 320వ సెక్షన్ ప్రకారం రాజీ అంటే నిర్దోషిగా విడుదలైనట్లే.

అయితే కేసు వచ్చిన సంగతి దాచడం వేరే సమస్య. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పినదాని ప్రకారం, అభ్యర్థి నిజం చెప్పినా ముగిసిన కేసును పరిశీలించి నిర్ణయించే అధికారం యజమానికి ఉంటుంది. దాచినది చిన్న విషయమైతే క్షమించవచ్చు. కానీ ఆ క్షమ యజమాని విచక్షణే తప్ప అభ్యర్థి హక్కు కాదు. పోలీసు ఉద్యోగానికి స్పెషల్ బ్రాంచి (ఎస్.బి.) విచారణ పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుంది, పాత ఎఫ్‌ఐఆర్ బయటపడకుండా ఉంటుందనుకోవడం భ్రమ.

జవాబు (విశ్రాంత కోర్టు ఉద్యోగి)
ముందు ఆ కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెట్టి, లోక్ అదాలత్ అవార్డు (రాజీని నమోదు చేసిన ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. స్టేషన్ రికార్డులో ఆ కేసు ఇంకా విచారణలో ఉన్నట్లే కనిపిస్తుంటే, ఆ నకలు జతచేసి సరిదిద్దమని రాతపూర్వకంగా అడగండి. ఇలాంటి పొరపాట్లు అరుదేమీ కాదు. ఇంకో మాట: ఇంటర్ అంటున్నారు కదా, గొడవ జరిగిన రోజుకు మీ తమ్ముడికి 18 నిండాయా?

ప్రశ్న అడిగినవారు
నిండలేదండీ. పదో తరగతి మెమో ప్రకారం చూస్తే ఇంకా కొన్ని నెలలు తక్కువ. అప్పుడు ఆ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

జవాబు (న్యాయవాది, వరంగల్)
ఇది మొదటే తెలిస్తే నా జవాబు వేరేగా ఉండేది. బాల న్యాయ చట్టం, 2015లోని 9వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిన నాటికి మైనర్‌నన్న వాదనను కేసు పూర్తిగా ముగిశాక కూడా లేవనెత్తవచ్చు. వయసు నిర్ధారణకు పదో తరగతి ధ్రువపత్రం ముఖ్యమైన ఆధారం. 24వ సెక్షన్ కింద బాల నేరారోపితుడికి శిక్ష వల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదు. 74వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది: ముగిసిన కేసులో బాలుడి రికార్డును ప్రవర్తన ధ్రువపత్రం కోసమైనా సరే పోలీసులు వెల్లడించకూడదు. మీరు వెతుకుతున్న తొలగింపునకు మన చట్టంలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే. రమేశ్ బిష్ణోయ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు కూడా మైనర్‌గా ఉన్నప్పటి ఆరోపణను అభ్యర్థి ఉద్యోగానికి అడ్డంకిగా చూడడాన్ని ఒప్పుకోలేదు.

కానీ రికార్డు మేజిస్ట్రేట్ కోర్టులో మేజర్ పేరిటే నడిచింది కాబట్టి, చట్టం ఉంది కదా అని గడిలో 'లేదు' అని రాసి ఊరుకోవద్దు. కేసు వివరాలు, అది రాజీతో ముగిసిన తేదీ, అప్పటికి తాను మైనర్‌నన్న సంగతి, పై సెక్షన్ల రక్షణ కోరుతున్నానన్న మాట రాయించి, అవార్డు నకలు, మెమో జతచేయండి. వయసు నిర్ధారణ దరఖాస్తు కూడా ఈలోగా ఆ కోర్టులోనే వేయించండి.