మొదటి ఉద్యోగం, 34 వేల జీతం: చిట్టీ వేయాలా, పాలసీ కట్టాలా, కార్డు బాకీ తీర్చాలా?

సింహపురి24:
అందరికీ నమస్కారం. ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది, చేతికి 34 వేలు వస్తుంది. కేపీహెచ్‌బీలో హాస్టల్‌కి తిండితో కలిపి 8 వేలు, ఇంటికి 10 వేలు, బస్సు, ఫోన్, పై ఖర్చులు పోను 9 వేల దాకా మిగులుతోంది. అమ్మ ఆపరేషన్‌కి క్రెడిట్ కార్డు మీద కట్టినదాంట్లో ఇంకా 46 వేలు ఉంది, నెలనెలా మినిమం డ్యూ కడుతున్నా. ఇప్పుడు నాన్న స్నేహితుడు మా ఊళ్ళో లక్ష చిట్టీ మొదలుపెడుతున్నాడు, 20 మంది, నెలకు 5 వేలు. ఇంట్లో చేరమంటున్నారు. ఇంకోపక్క బాబాయి ఏడాదికి 30 వేలు కట్టే పాలసీ తీసుకోమని రోజూ ఫోన్. ఏది మంచిది?

వాణి_గుంటూరు:
తమ్ముడూ, ఆ రెండూ పక్కన పెట్టి ముందు కార్డు స్టేట్‌మెంట్ తీసి చూడు. చాలా కార్డులకి నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ ఉంటుంది, అంటే మన లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్ళో ఎవరైనా ఆ వడ్డీకి అప్పు తెస్తే ఇంటిల్లిపాదీ గొడవ చేస్తారు, కార్డు దగ్గరికొచ్చేసరికి ఎవరూ అడగరు. 46 వేలకి వడ్డీ 1,610, దాని మీద జీఎస్టీ 290. మినిమం డ్యూ 5 శాతం చొప్పున 2,300 కడితే అసలులో తగ్గేది 400! పైగా బాకీ ఉన్నన్నాళ్ళూ ఆ కార్డుతో కొత్తగా ఏం కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, కాబట్టి కార్డు వాడకం ఇవాళే ఆపెయ్. మిగిలే 9 వేలల్లో 8 వేలు దానికే కట్టు, ఆరేడు నెలల్లో తీరిపోతుంది.

శ్రీను_హనుమకొండ:
అక్క చెప్పింది కరెక్టే కానీ చిట్టీని మరీ తీసిపారేయకండి, మా ఇంటి స్లాబు పడింది చిట్టీ డబ్బులతోనే. చేతిలో ఉంటే ఖర్చయ్యేవాళ్ళకి అది బాగా పనికొస్తది. నీ లక్ష చిట్టీనే చూడు: ఒకాయన 75 వేలకి పాడుకున్నాడనుకో, వదులుకున్న 25 వేలల్లో కమీషన్ 5 వేలు పోను 20 వేలు 20 మందికీ పంచితే తలా వెయ్యి, ఆ నెల నువ్వు కట్టేది 4 వేలే. కానీ నువ్వు చివరిదాకా ఎత్తకుండా ఉంటేనే లాభం, మరి అప్పటిదాకా నడిపేటోడు నిలబడాలె గదా. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ నడిపేవాళ్ళు ముందుగా చిట్ రిజిస్ట్రార్ దగ్గర అనుమతి తీసుకోవాలి, చిట్టీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ పెట్టాలి. నాన్న స్నేహితుడిని ఆ కాగితం చూపించమని అడుగు. లేదంటే ఎంత తెలిసినాయన అయినా వద్దు, ఆయన మంచోడే కావచ్చు, ముందే ఎత్తుకున్న నలుగురు కట్టడం మానేస్తే ఆయన మాత్రం ఏం చేస్తడు?

రవి_బెంగళూరు:
పాలసీ గురించి ఎవరూ చెప్పలేదు. అలాంటి పొదుపు పాలసీల్లో చాలావాటికి రాబడి 5, 6 శాతం దాటదు, మధ్యలో ఆపితే నష్టం. నీ జీతం మీద అమ్మానాన్న ఆధారపడ్డారు కాబట్టి కార్డు తీరాక టర్మ్ ఇన్సూరెన్స్ (మనకేమైనా అయితేనే ఇంటివాళ్ళకి డబ్బొచ్చే బీమా) ఒకటి తీసుకో. బాబాయికి "కార్డు బాకీ తీరేదాకా కొత్తది ఏదీ మొదలుపెట్టను" అని ఉన్నమాట చెప్పేయ్, నొచ్చుకోడు. ఒకవేళ మొహమాటానికి సంతకం పెట్టినా, పాలసీ కాగితాలు చేతికొచ్చిన 30 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, మీ ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రుల్ని చేర్చుకోవచ్చేమో హెచ్‌ఆర్‌ని రేపే అడుగు. ఊళ్ళో ఎన్టీఆర్ వైద్యసేవ (ఏపీ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కింద మీ కుటుంబం ఉందో లేదో కూడా నాన్నతో కనుక్కోమను.

సింహపురి24:
అందరికీ థాంక్స్. అసలులో 400 తగ్గుతుందన్న లెక్క నాన్నకి ఫోన్‌లో చెప్పా, చిట్టీ సంగతి ఆయనే ఆగమన్నారు. ఒక్క డౌట్: బాకీని ఈఎంఐగా మారుస్తామని బ్యాంకు వాళ్ళు మెసేజ్ పెడుతున్నారు, తీసుకోనా? అలాగే పీఎఫ్ తీయొచ్చా?

వాణి_గుంటూరు:
పీఎఫ్ ముట్టుకోకు, దాని మీద వడ్డీ 8.25 శాతం వస్తోంది. సర్వీసు ఐదేళ్ళు నిండకుండా తీస్తే పన్ను లెక్కలోకి కూడా వస్తుంది. ఈఎంఐకి వడ్డీ ఏడాదికి ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే ఛార్జీ ఉందా, ఈ మూడూ మెయిల్‌లో రాయించుకో. వడ్డీ ఏడాదికి 15, 16 శాతం లోపు ఉంటే ఆరు నెలలకి పెట్టుకో, రెండేళ్ళకి మాత్రం ఒప్పుకోకు. బాకీ తీరిన నెల నుంచి అదే 8 వేలు బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) వేసి, మూడు నెలల ఖర్చు పోగయ్యేదాకా ఆపకు.