నాలుగే రంగులతో ఖాజాగూడ గుట్టలు: దూరం ఎలా చూపించాలి?

ఆయిల్ పెయింటింగ్ అలవాటున్నవాళ్లు కాస్త దారి చూపండి. హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల బొమ్మ వేస్తున్నాను, 12×16 అంగుళాల కాన్వాస్ బోర్డు మీద. వాడుతున్నవి జోర్న్ ప్యాలెట్ (స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుతో పిలిచే నాలుగు రంగుల కూర్పు) రంగులే: టైటానియం వైట్, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్, ఐవరీ బ్లాక్.

దగ్గరి బండలు బాగా కుదిరాయి. మన గ్రానైట్‌లోని ఆ లేత గులాబీకి, బూడిద రంగుకి ఈ నాలుగూ సరిగ్గా సరిపోయాయి. నలుపులో తెలుపు కలిపి ఎర్రటి బండ పక్కన పెడితే అది నీలంలా కనిపిస్తుంది చూడండి, అందుకే ఈ ప్యాలెట్ అంటే నాకు ప్రాణం.

చిక్కంతా వెనక భాగంతోనే. దూరపు గుట్ట, దాని వెనక అపార్ట్‌మెంట్ టవర్లు ముందు బండకు అతుక్కుపోయినట్టున్నాయి. తెలుపు ఎక్కువ కలిపితే సుద్ద పూసినట్టు పాలిపోతున్నాయి. వానలకు బండల సందుల్లో మొలిచిన గడ్డిది కళ్లు చెదిరే పచ్చదనం. ఓకర్‌లో నలుపు కలిపితే ముదురు ఆలివ్ రంగు దగ్గరే ఆగిపోతోంది.

నలుపు తీసేసి అల్ట్రామెరైన్ బ్లూ పెట్టుకోమంటారా? లేక ఈ నాలుగింటితోనే ఉండి, దూరపు వాటిలో వెలుగునీడల తేడా తగ్గించి, అంచులు మెత్తబరిస్తే చాలా? రంగుల పొందిక చెడకూడదని నా మనసు రెండోదాని వైపే ఉంది. అలాగైతే దూరపు నీడల్లో కాస్త ఎరుపు కలపాలా, వద్దా? గడ్డి కోసం ఓకర్ బదులు లెమన్ యెల్లో వాడితే మిగతా బొమ్మలో ఇముడుతుందా? ఇలాంటి బండలు వేసినవాళ్లు ఏ పాళ్లలో కలిపారో చెబితే ఎంతో మేలు.